సగంలో ఆగిన 1/48 సెస్నా 172 కిట్: ముక్కులో బరువు పెట్టకుండానే బాడీ అతికేసి ఉంది, ఎలా పూర్తి చేయాలి?

#1 బేగంపేట్_09

అందరికీ నమస్కారం. 1/48 స్కేలు సెస్నా 172 ప్లాస్టిక్ కిట్ ఒకటి సగంలో ఆగిపోయి పదేళ్లకు పైగా అట్టపెట్టెలోనే ఉంది. దీన్నే పూర్తి చేయాలి, కొత్తది కొనే ఉద్దేశం లేదు. ఇప్పుడున్న పరిస్థితి రాస్తున్నా.

బాడీ రెండు సగాలూ అతికేసి ఉన్నాయి. లోపల సీట్లు, డాష్‌బోర్డు గట్టిగా అతుక్కున్నాయి. ముక్కులో బరువేమీ లేదు. రెక్క ఇంకా విడిగానే ఉంది, దాని ఎడమ కొన కిందికి వంగింది. విండ్‌షీల్డ్ అతకలేదు. పక్క కిటికీలు మాత్రం లోపలి నుంచి అతికి ఉన్నాయి, రెండింటి మీద సూపర్ గ్లూ తెల్లపొర కమ్మింది. తోక మీద బ్రష్‌తో వేసిన పసుపు ఎనామిల్ చారలు చారలుగా ఉంది. డెకాల్ షీటు (నీళ్లలో నానబెట్టి అంటించే గుర్తులు) పసుపెక్కింది. ముందు చక్రం పోయింది.

ఏది ముందు, ఏది తర్వాత?

#2 స్ప్రూ_సంచి

మిగతావన్నీ ఆగుతాయండీ, ముందు బరువు సంగతి తేల్చండి. రంగు వేశాక తోక నేలకు ఆనిందని తెలిస్తే అప్పుడు బాడీ తెరవడం చాలా కష్టం.

172లో ముందు చక్రానికీ వెనక చక్రాలకూ మధ్య దూరం 65 అంగుళాలు. 1/48లో అది 34 మి.మీ. మాత్రమే. వెనక చక్రాల ఇరుసు నుంచి తోక చివరికి సుమారు 120 మి.మీ. ఉంటుంది. అసలు విమానంలో ముందు ఇంజిను బరువు ఉంది కాబట్టి సరిపోయింది. మన కిట్‌లో ముందున్నది ఖాళీ డొప్ప.

ఎన్ని గ్రాములు పెట్టాలో ఊహించొద్దు, కొలవండి. రెక్క, తోక, ప్రొపెల్లరు, చక్రాలు అన్నీ టేపుతో తాత్కాలికంగా బిగించండి. వెనక చక్రాల ఇరుసు వచ్చే గీత కింద అడ్డంగా ఒక పెన్సిల్ పెట్టండి. తోక కింద 0.1 గ్రాము చూపించే చిన్న కాటా పెట్టి, బాడీ నేలకు సమాంతరంగా ఉండేలా ఎత్తు సరిచేయండి. కాటా చూపిన గ్రాములను పెన్సిల్ నుంచి కాటా మీద ఆనిన చోటుకు ఉన్న దూరంతో గుణించండి. వచ్చినదాన్ని పెన్సిల్ నుంచి ముక్కులో బరువు కూర్చునే చోటుకు ఉన్న దూరంతో భాగించండి. అది తోకా ముక్కూ సరితూగే బరువు. దాని మీద ఇంకో 40 శాతం కలపండి, ఎందుకంటే తోక మీద పడే ప్రైమరు, రంగు, వార్నిష్ ఇంకా ఈ లెక్కలోకి రాలేదు.

బరువు ఎంత ముందుకు ఉంటే అంత తక్కువ చాలు. ముందు సీట్ల కింద పెడితే ఇరుసుకు 10, 12 మి.మీ. దూరమే దొరుకుతుంది, అక్కడ మూడు రెట్లు పెట్టాల్సొస్తుంది. అంత బరువుకు వెనక కాళ్లు విచ్చుకుంటాయి.

#3 ఓరుగల్లు_ఎయిర్

బాడీ మూసి ఉన్నా లోపలికి పంపొచ్చన్నా. ప్రొపెల్లరు కడ్డీ దూరే రంధ్రాన్ని 2 మి.మీ. చేసి, అందులోంచి 1 మి.మీ. సోల్డర్ తీగ నెట్టుకుంటూ పో. మెత్తటి తీగ కాబట్టి లోపల దానంతట అదే చుట్టలు చుట్టుకుంటది. సీసం, తగరం 60/40 కలిసిన తీగ మీటరుకు 6.5 గ్రాముల పైచిలుకు తూగుతది. ఎంత పంపినవో మీటర్లలో లెక్క పెట్టుకుంటే సరిపోతది. సీసం లేని రకం కొనకు, అది తేలిక.

#4 వాటర్‌పేపర్_2000

సోల్డర్ తీగ పద్ధతి మంచిదే కానీ ఈ బాడీకి నేను ఒప్పుకోను. డాష్‌బోర్డు వెనక అడ్డుగోడ లేకపోతే తీగ చుట్టలు ముక్కులో ఆగవు, డాష్‌బోర్డు కిందనుంచి కాళ్లు పెట్టే చోటికి పాకుతాయి. బయట కూర్చుని అది ఎక్కడుందో చూడలేం. సీసం గుండ్లు వేసినా ఇదే చిక్కు. ముందు రంధ్రంలోంచి వేయాలంటే ముక్కు పైకి పెట్టాలి, ముక్కు పైకి పెట్టగానే గుండ్లన్నీ క్యాబిన్‌లోకి దొర్లిపోతాయి.

కాబట్టి కడుపు కింద కోయండి. ముందు చక్రం కాలు దిగే రంధ్రానికి కొంచెం వెనకగా, కౌలింగ్ (ఇంజిను తొడుగు) కింది భాగంలో 8 × 10 మి.మీ. కిటికీ. నాలుగు వైపులా కాకపోయినా కనీసం రెండు వైపులా అచ్చులో ఉన్న ప్యానెల్ గీతల వెంబడే కోస్తే తర్వాత అతుకు దాచే పని సగం తగ్గుతుంది. కత్తి మొనతో కాకుండా బ్లేడు వీపుతో, ఒత్తిడి లేకుండా, 25, 30 సార్లు గీకండి. మొనతో కోస్తే ప్లాస్టిక్ రెండు వైపులా ఉబ్బి అంచు లేస్తుంది, వీపుతో గీకితే సన్నటి తురుములాగా పైకి వస్తుంది. తీసిన ముక్క పారేయొద్దు, దాన్నే తిరిగి అతకాలి.

కిటికీ తెరిచాక ముక్కు కిందికి వచ్చేలా బాడీని ఒక గ్లాసులో నిలబెట్టండి. గుండ్లు వేస్తే నేరుగా ముందుకు, మనకు కావలసిన చోటికే పడతాయి. ముందు చక్రం కాలు దూరే గుంతలో మైనం రాసిన టూత్‌పిక్ పెట్టి ఉంచండి, లేకపోతే జిగురు అందులోకి దిగి కాలు పట్టదు. కిటికీ మూసేటప్పుడు లోపలి అంచుకు 1 మి.మీ. ప్లాస్టిక్ పట్టీలు రెండు అతికిస్తే ముక్క లోపలికి జారదు.

#5 ఓరుగల్లు_ఎయిర్

అడ్డుగోడ మాట నిజమే, నేను అది ఉన్న బాడీ అనుకుని రాసిన. ఈ కిట్‌కు కింద కోసుడే సరైనది.

#6 స్ప్రూ_సంచి

గుండ్లు గాలాల సామాను అమ్మే కొట్లో దొరుకుతాయి. 2, 3 మి.మీ. సైజు తీసుకోండి, పెద్దవైతే మధ్యలో ఖాళీలు ఎక్కువ. ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి, సీసం కదా.

వాటిని పట్టి ఉంచడానికి చెక్కపనికి వాడే తెల్ల జిగురు మాత్రం వద్దు. అందరూ సులువని అదే పోస్తారు. మూసిన డొప్పలో అది పూర్తిగా ఆరదు, దాన్నుంచి వచ్చే ఎసిటిక్ ఆమ్లం సీసాన్ని తినేస్తుంది. తెల్లటి పొడిలాంటి పదార్థం ఏర్పడి పరిమాణం పెరుగుతుంది. కొన్నేళ్లకు ముక్కు అతుకు లోపల్నుంచే పగులుతుంది. రెండు గొట్టాల ఎపాక్సీ వాడండి. అదీ ఒకేసారి పోయకుండా రెండు విడతలుగా. ఎపాక్సీ గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది, ఐదు నిమిషాల రకం ముద్దగా పోస్తే పలుచటి ప్లాస్టిక్ గోడ వంకర పోవచ్చు. సగం గుండ్లు, కొంచెం ఎపాక్సీ, అరగంట ఆగి మిగతా సగం.

#7 బేగంపేట్_09

కొలిచాను. అన్నీ టేపుతో బిగిస్తే తోక దగ్గర 3.1 గ్రాములు చూపించింది. పెన్సిల్ నుంచి కాటా ఆనిన చోటుకు 98 మి.మీ., ముక్కులో గుండ్లు కూర్చునే చోటుకు 37 మి.మీ. 3.1 × 98 = 304. దాన్ని 37తో భాగిస్తే 8.2 గ్రాములు. 40 శాతం కలిపితే 11.5. కాబట్టి 12 గ్రాములు పెడుతున్నా. చోటు సరిపోతుందా?

#8 వాటర్‌పేపర్_2000

సరిపోతుంది. 12 గ్రాముల సీసం అంటే ఒక ఘన సెంటీమీటరుకు కాస్త ఎక్కువ. గుండ్ల మధ్య ఖాళీలు కలుపుకున్నా రెండు లోపే. ముక్కు లోపల అంతకంటే ఎక్కువ చోటుంది. ఎపాక్సీ పోసే ముందు గుండ్లను పలుచటి ప్లాస్టిక్ సంచిలో కట్టి లోపల పెట్టి, పెన్సిల్ మీద ఇంకోసారి తూచి చూడండి. ముక్కు దిగితేనే పోయండి.

#9 సాగరతీరం

కిటికీల మీద తెల్లపొర గురించి. అది జిగురు కారడం వల్ల వచ్చింది కాదు, జిగురు ఆవిరి. సూపర్ గ్లూ గట్టిపడేటప్పుడు వచ్చే ఆవిరి గాలిలోని తేమతో కలిసి పక్కనున్న ఉపరితలం మీద పేరుకుంటుంది, వేలిముద్రలు ఉన్నచోట ఇంకా ముందు. నేరస్థలంలో వేలిముద్రలు బయటికి తేవడానికి పోలీసులు వాడేదీ ఇదే ఆవిరి. మూసిన బాడీలో గాలి ఆడదు కాబట్టి లోపలి వైపే ఎక్కువ పట్టి ఉంటుంది. దూది మీద నీళ్లు తడిపి కిటికీ బయట అద్దండి. తెల్లదనం మాయమైతే పొర బయటి వైపుది. ఏమీ మారకపోతే లోపలిది.

బయటిదైతే వాటర్ పేపర్ 2000, తర్వాత 3000, నీళ్లతో. పేపరు ముందు ఒక దిశలో, నంబరు మారినప్పుడు దానికి అడ్డదిశలో రుద్దండి, పాత గీతలు పోయాయో లేదో అప్పుడే తెలుస్తుంది. ఆ తర్వాత కార్లకు వాడే రబ్బింగ్ కాంపౌండు, చివరికి మెత్తటి గుడ్డ. మెరుపు వచ్చాక మెరిసే రకం వార్నిష్ ఒక పొర వేస్తే మిగిలిన సన్నగీతలు నిండిపోతాయి.

లోపలిదైతే రుద్దడానికి ప్రయత్నించొద్దు. విండ్‌షీల్డ్ తెరిచే ఉంది కాబట్టి వంచిన ఇయర్‌బడ్ లోపలికి పోతుంది కానీ ఒత్తిడి సరిగా పడదు, కిటికీ ఊడి క్యాబిన్‌లో పడుతుంది. దానికంటే కావాలనే ఊడదీయండి. బయటి నుంచి అంచు చుట్టూ బ్లేడుతో జిగురు గీకి మెల్లగా లోపలికి నొక్కితే వచ్చేస్తుంది. 172 పక్క కిటికీలు దాదాపు చదునుగానే ఉంటాయి. 0.2 మి.మీ. పారదర్శక షీటు చాలు. కిటికీ మీద మాస్కింగ్ టేపు అంటించి, అంచు వెంబడి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసుకుని, ఆ టేపును షీటు మీద అంటించి అర మి.మీ. పెద్దగా కోయండి, తర్వాత వాటర్ పేపరు మీద రుద్దుతూ సరిపెట్టండి. ఇక్కడ అతకడానికి తెల్ల జిగురు నిక్షేపంగా వాడొచ్చు. ఆరితే పారదర్శకమవుతుంది, పొంగితే తడి దూదితో తుడిస్తే పోతుంది, ఆవిరి ఉండదు.

ఇకమీదట ఈ బాడీలో ఎక్కడ సూపర్ గ్లూ వాడినా రెండు గంటలు విండ్‌షీల్డ్ రంధ్రం తెరిచే ఉంచండి. విండ్‌షీల్డ్ మాత్రం అన్నిటికంటే చివర.

#10 టెక్సాస్_తెలుగు

రంగుల గురించి ఆలోచించే ముందు మీ కిట్ ఏ ఏటి 172దో చూసుకోండి. పేరు ఒకటే అయినా ఆకారాలు వేరు. 1956లో అమ్మకానికి వచ్చినప్పుడు తోక నిటారుగా ఉండేది. 1960 మోడల్ 172ఏతో వెనక్కి వాలింది. 1963లో 172డీతో వెనక కిటికీ వచ్చింది. ఇంజిను 172హెచ్ దాకా ఆరు సిలిండర్ల కాంటినెంటల్, 1968 నుంచి నాలుగు సిలిండర్ల లైకమింగ్. వెనక కాళ్లు మొదట చదును స్టీలు పట్టీలు, 1971 మోడల్ 172ఎల్ నుంచి గుండ్రటి గొట్టాలు. 1986లో తయారీ ఆగి 1990ల్లో 172ఆర్‌తో మళ్లీ మొదలైంది. నిటారు తోక ఉన్న కిట్‌కు కొత్త తరం గీతల రంగులు వేస్తే ఎంత బాగా వేసినా అది ఏ విమానమూ కాదు.

వాలిన తోక, వెనక కిటికీ, గొట్టం కాళ్లు ఉంటే మంచి అవకాశం ఒకటుంది. 1987 మే 28న మథియాస్ రస్ట్ హెల్సింకీ నుంచి మాస్కో దాకా ఎగిరి రెడ్ స్క్వేర్ పక్కన దించిన విమానం ఫ్రాన్స్‌లో తయారైన ఎఫ్172పీ. రిజిస్ట్రేషన్ డీ-ఈసీజేబీ. ఇప్పుడు బెర్లిన్ సాంకేతిక మ్యూజియంలో ఉంది, ఫోటోలకు కొదవ లేదు.

#11 బేగంపేట్_09

వాలిన తోక, వెనక కిటికీ, గొట్టం కాళ్లు. కానీ నాకు వీటీ (భారత రిజిస్ట్రేషన్) అక్షరాలే కావాలి, మన దేశపు శిక్షణ విమానంలా తెలుపు మీద నీలం చార. డెకాల్ షీటు ఎండలో పెడితే తెల్లబడుతుందన్నారు, నిజమేనా?

#12 సాగరతీరం

నిజమే. షీటును పారదర్శక జిప్ సంచిలో పెట్టి, ఎండ పడే కిటికీ అద్దానికి లోపలి వైపు బొమ్మలు బయటికి కనపడేలా టేపుతో అంటించండి. పసుపెక్కింది సిరా కాదు, దాని మీది వార్నిష్ పొర. మన ఎండకు నాలుగైదు రోజుల్లో తేడా తెలుస్తుంది. రోజూ చూస్తూ ఉండండి, అవసరం లేనన్ని రోజులు ఉంచితే ఎరుపు రంగులు వెలుస్తాయి.

అయితే తెల్లబడటం వేరు, పనికి రావడం వేరు. వాడని చిన్న గుర్తు ఒకటి కోసి గోరువెచ్చటి నీళ్లలో వేయండి. ముక్కలైతే మొత్తం షీటు మీద మెరిసే రకం పారదర్శక లాకర్ (త్వరగా ఆరే వార్నిష్) రెండు పలుచటి పొరలు కొట్టి ఒక రోజు ఆరనివ్వాలి. అలా చేశాక షీటంతా ఒకే పొర కింద ఉంటుంది, కాబట్టి ప్రతి గుర్తునూ అంచు దాకా దగ్గరగా కోసుకోవాలి.

#13 టెక్సాస్_తెలుగు

వీటీ కావాలంటే పాత షీటుతో కుస్తీ ఎందుకు? డాష్‌బోర్డు డయళ్లు, చిన్న హెచ్చరికలు మాత్రం దాన్నుంచి తీసుకోండి. అక్షరాలు లేజర్ ప్రింటరుతో పారదర్శక డెకాల్ కాగితం మీద కొట్టించండి. తెల్ల విమానం మీద నలుపు, ముదురు నీలం అక్షరాలకు అది చాలు. ఇంక్‌జెట్‌తో కొడితే నీళ్లలో వేయకముందే లాకర్ వేయాలి, లేకపోతే సిరా కరిగి పారుతుంది.

కొలతలు అంతర్జాతీయ పౌర విమానయాన ఒప్పందం అనుబంధం 7 ప్రకారం వేయండి. రెక్క మీద అక్షరాల ఎత్తు కనీసం 50 సెం.మీ., బాడీ మీద కనీసం 30 సెం.మీ. 1/48లో అవి 10.4 మి.మీ., 6.25 మి.మీ. వెడల్పు ఎత్తులో మూడింట రెండొంతులు, అంటే 6.9, 4.2 మి.మీ. గీత మందం ఎత్తులో ఆరో వంతు. మధ్య అడ్డగీత పొడవు అక్షరం వెడల్పంత. అక్షరానికీ అక్షరానికీ మధ్య కనీసం వెడల్పులో నాలుగో వంతు. రెక్క మీద వేసేది ఎడమ రెక్క కింది వైపు, అక్షరాల తల రెక్క ముందు అంచు వైపు. చాలామంది పైవైపు వేసేస్తారు, అక్కడే మోడల్ తేలిపోతుంది.

#14 వాటర్‌పేపర్_2000

తోక మీద పసుపు ఎనామిల్‌కు డెట్టాల్. గోధుమరంగు మామూలు డెట్టాల్ నీళ్లు కలపకుండా చిన్న డబ్బాలో పోసి తోక భాగం మునిగేలా ఒక రాత్రి ఉంచండి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. మొదటి కడుగు డెట్టాల్‌తోనే, ఆ తర్వాతే సబ్బునీళ్లు. నేరుగా నీళ్లు తగిలితే ఊడిన రంగు జిగటముద్దై అతుకుల్లోకి దిగుతుంది. పెయింటు షాపు ఎన్‌సీ థిన్నరు దగ్గరికి కూడా రానివ్వొద్దు, అది రంగుతోపాటు ప్లాస్టిక్‌నూ కరిగిస్తుంది.

ఇక బాడీ అతుకు. పాత కిట్‌లో ఇదొక్కటే లాభం: జిగురు ఎంత కుంగాలో అంతా ఎప్పుడో కుంగిపోయింది. ఇప్పుడు నింపితే మళ్లీ గీత తేలదు. కార్లకు వాడే ఎన్‌సీ పుట్టీ అయితే అర మి.మీ. మించకుండా పూయాలి. మందంగా పూస్తే పైన ఆరి లోపల పచ్చిగా ఉండి వారం తర్వాత గుంట పడుతుంది. 400తో మొదలుపెట్టి 600, 1000.

సెస్నా విషయంలో ప్రత్యేకంగా చూడాల్సింది ఒకటుంది. ఐలరాన్లు, ఫ్లాపులు, ఎలివేటర్ల (రెక్క, తోక వెనక అంచుల్లో కదిలే పలకలు) మీద రేకుకు మడతల్లా గట్లు ఉంటాయి. పక్క అతుకు రుద్దుతూ పేపరు వాటి మీదికి పోయిందా, రెండు గట్లు అరిగినా వెలుతురులో కనపడుతుంది, తిరిగి చేయడం చాలా శ్రమ. రుద్దే ముందే వాటి మీద రెండు పొరల మాస్కింగ్ టేపు వేయండి.

#15 ఓరుగల్లు_ఎయిర్

వంగిన రెక్క కొనకు వేడినీళ్లు. 60 నుంచి 65 డిగ్రీలు, ముంచి ఒక నిమిషం, బయటికి తీసి వంగినదానికి ఎదురుగా కొంచెం ఎక్కువే వంచి పట్టుకో, అట్లనే పట్టుకుని చల్లనీళ్లల్ల పెట్టు. ఒక్కసారికి రాదు, మూడు నాలుగు సార్లు చేయాలె. మరిగే నీళ్లు పోస్తే అంచులు అలలు అలలుగా పోతయి.

ముందు చక్రం తయారు చేసుకోవచ్చు. అసలుది 5.00-5 టైరు, స్కేలుకు 7.5 మి.మీ. వ్యాసం, 2.6 మి.మీ. మందం. వెనకవి 6.00-6, సుమారు 9.3 మి.మీ. కాబట్టి వెనక చక్రానికి నకలు తీసి ముందు పెట్టకు, ముక్కు లేచినట్టు కనపడుతది. 1 మి.మీ. ప్లాస్టిక్ షీటు బిళ్లలు మూడు అతికి, నడుమ 1 మి.మీ. రంధ్రం చేసి, మేకు మీద ఎక్కించి చిన్న డ్రిల్లుకు పెట్టి తక్కువ వేగంతో తిప్పుతూ వాటర్ పేపరుతో గుండ్రం చెయ్. కిట్‌లో చక్రాల తొడుగులు ఉంటే ఇంకా సులువు, కింద మూడో వంతే బయటికి కనపడుతది.

#16 సాగరతీరం

తెలుపు గురించి ఒక్క మాట. ముందు లేత బూడిద ప్రైమరు, దాని మీద తెలుపు నాలుగు పలుచటి పొరలు. మొదటి రెండింటికి కింది బూడిద ఇంకా కనపడుతూనే ఉండాలి. ఒకేసారి కప్పేయాలని చూస్తే ప్యానెల్ గీతలు నిండిపోయి, తలుపు అంచుల దగ్గర కారుతుంది.

విశాఖ, కాకినాడ లాంటి తీరం ఊళ్లలో వానాకాలం లాకర్ కొట్టొద్దు. థిన్నరు వేగంగా ఆవిరై ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, గాలిలోని తేమ దాని మీద చేరి మెరుపు పాలలా మసకబారుతుంది. తేమ 70 శాతం దాటితే ఆగండి. తప్పదంటే నెమ్మదిగా ఆరే లెవెలింగ్ థిన్నరు కలపండి. నీలం చారకు మాస్కు వేశాక, అంచు మీద ముందు తెలుపే మరొకసారి పలుచగా కొట్టి, ఆ తర్వాత నీలం కొట్టండి. టేపు కిందికి పాకేది తెలుపే కాబట్టి గీత పదునుగా వస్తుంది.

ప్రొపెల్లరు వ్యాసం స్కేలుకు 40 మి.మీ. కంటే ఎక్కువ ఉండకూడదు. ప్రొపెల్లరు రెక్కల వెనక వైపు, అంటే పైలట్ చూసే వైపు, మెరుపు లేని నలుపు.

#17 బేగంపేట్_09

బరువు పెట్టాను, 12 గ్రాములు, పెన్సిల్ మీద ముక్కు స్థిరంగా దిగుతోంది. కిటికీలు మార్చాను, పసుపు పోయింది, తెలుపూ నీలమూ అయ్యాయి. రెక్క పెట్టి చూస్తే కుడి స్ట్రట్ (రెక్కను బాడీకి ఆనించే ఏటవాలు కడ్డీ) సరిగ్గా కూర్చుంది, ఎడమది సుమారు 1 మి.మీ. పొట్టి అవుతోంది. రెక్కను కొంచెం కిందికి లాగి అతికేయమంటారా?

#18 స్ప్రూ_సంచి

లాగొద్దండీ. వంగిన రెక్క ఎడమదే కదా, అది కొంచెం తిరిగి లేచి ఉండొచ్చు, లేదా స్ట్రట్ నిజంగానే పొట్టిదై ఉండొచ్చు. ఏదో తేల్చుకోకుండా లాగితే ఆ బిగువు అతుకులోనే ఉండిపోతుంది, ఎండాకాలం ఏదో ఒక మధ్యాహ్నం టప్పున ఊడుతుంది.

172 రెక్క పైకి లేచే కోణం 1 డిగ్రీ 44 నిమిషాలు. మన స్కేలులో మధ్య నుంచి కొన దాకా 3.5 మి.మీ. మాత్రమే. బాడీని చదునైన గాజు పలక మీద తిన్నగా పెట్టి, రెండు కొనలూ పలక నుంచి ఎంత ఎత్తులో ఉన్నాయో ఒకే ప్యానెల్ గీత దగ్గర కొలవండి. రెండూ అర మి.మీ. లోపు తేడాతో ఉంటే రెక్క సరిగానే ఉంది, తప్పు స్ట్రట్‌ది. ఎడమ కొన ఒక మి.మీ. ఎక్కువ ఎత్తులో ఉంటే రెక్కకే ఇంకోసారి వేడినీళ్లు. రంగు వేసినా 60 డిగ్రీలకు ఏమీ కాదు, బాగా ఆరి ఉంటే చాలు.

స్ట్రట్‌దైతే బాడీ వైపు చివర కోసి, 0.5 మి.మీ. ప్లాస్టిక్ షీటు ముక్కలు రెండు అతికి, స్ట్రట్ ఆకారానికి రుద్దండి. రెక్క వైపు చివర ముట్టుకోవద్దు, అక్కడి కోణం మారితే ఎదురుగా చూసినప్పుడు కనపడిపోతుంది. తర్వాత రెండు చివర్లా 0.4 మి.మీ. డ్రిల్లుతో రంధ్రం చేసి, 3 మి.మీ. పొడవు ఇత్తడి తీగ గుచ్చి అతకండి. జిగురు ఆరే దాకా కొనల కింద సమాన ఎత్తు అగ్గిపెట్టెలు పెట్టండి.

#19 బేగంపేట్_09

కొలిచాను, ఎడమ 0.3 మి.మీ. మాత్రమే ఎక్కువ. స్ట్రట్‌దే తప్పు. బాడీ వైపు పొడిగిస్తున్నా.

#20 వాటర్‌పేపర్_2000

స్ట్రట్లు పూర్తిగా ఆరాక విండ్‌షీల్డ్. దానికి ముందు డాష్‌బోర్డు పైభాగం మెరుపు లేని నలుపుతో కప్పి, క్యాబిన్‌లో తురుము ఏమైనా ఉందేమో గాలి ఊది చూడండి. పిటో గొట్టం (గాలి వేగం కొలిచేది) ఎడమ రెక్క కింద, 0.4 మి.మీ. తీగతో. తోక పైన ఉండే రెండు మీసాల యాంటెన్నాకు 0.2 మి.మీ. తీగ. అవి రెండూ చివరి రోజు పెట్టండి, ముందే పెడితే మాస్కింగ్ టేపు తీసేటప్పుడు విరిగిపోతాయి.